చిన్న కారు – పెద్ద వ్యాను : ఒక బరువు లెక్క

పాత మారుతి 800 కారును, ఈకో వ్యానును మీరందరూ చూసే ఉంటారు. రెండింటిలో ఏది గొప్పదని మన హాస్టల్లో తరచు వాదించుకుంటుంటాం. మనం సైన్సులో చదివిన దానితోనే వాటిని పోల్చి చూద్దామని నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

మారుతి 800 : మొదటి కారు తాళాలను 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ అందజేశారు. 2014లో దీని తయారీ ఆపేశారు. ఇంజను 3 సిలిండర్లది, 796 సి.సి. పొడవు 3335 మి.మీ. బరువు సుమారు 650 కిలోలు. ఇంజను ముందు భాగంలో ఉంటుంది. ముందు చక్రాలు బండిని లాగుతాయి.

ఈకో : 2010లో వచ్చింది. అప్పుడు 5 సీట్లది, 7 సీట్లది అని రెండు రకాలు. అప్పటి ఇంజను 4 సిలిండర్లది, 1196 సి.సి. బరువు సుమారు 940 కిలోలు. పొడవు 3675 మి.మీ. అంటే కారు కంటే 34 సెం.మీ. మాత్రమే ఎక్కువ, మన స్కేలు కన్నా కాస్త పెద్ద! మరి అంతమంది ఎట్లా పడతారు? ఇంజనును ముందు సీట్ల కింద పెట్టారు కనుక ముందు చోటు మిగిలింది. ఎత్తు కూడా పెంచారు. వెనక చక్రాలు బండిని నెడతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. మనిషికి 60 కిలోలు అనుకుందాం.
కారులో 4గురు : 650 + 240 = 890 కిలోలు.
ఈకోలో 7గురు : 940 + 420 = 1360 కిలోలు.
బరువు సుమారు ఒకటిన్నర రెట్లు. ఇంజను కూడా ఒకటిన్నర రెట్లే. లెక్క సరిపోయింది.

అదే ఈకోలో 14 మంది ఎక్కితే? 940 + 840 = 1780 కిలోలు. కారు బరువుకు సరిగ్గా రెండింతలు! ఇంజను మాత్రం పెరగదు, బ్రేకులు పెరగవు. ఎక్కువైన బరువు 420 కిలోలు. టిక్కీ 42 కిలోలు అనుకుంటే పది మిరపకాయల టిక్కీలు అదనంగా వేసినట్టే.

బరువు రెట్టింపయితే గతిజశక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపయితే నాలుగు రెట్లవుతుంది. బ్రేకు ఆ శక్తినంతా ఆపాలి. పైగా టాపు మీద మూటలు వేస్తే గరిమనాభి పైకి పోతుంది, మలుపులో బండి తిరగబడే ప్రమాదం ఎక్కువ.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సంక్రాంతి దాటితే మన అమ్మానాన్నలు మిరప కోతలకు, అంతకు ముందు పత్తి తియ్యడానికి ఆటోల్లో, వ్యాన్లలో కిక్కిరిసి పోతారు. మా అమ్మ కూడా అట్లాగే పోతుంది. "ఇంకో ఇద్దరు పడతారులే" అంటారు. పట్టడం వేరు, మోయడం వేరు. బండి ఎంతమందికో ఆర్.సి. పుస్తకంలో రాసి ఉంటుంది. చదువు రాని పెద్దవాళ్లకు దాన్ని చదివి చెప్పాల్సింది మనమే. కావున సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ లెక్క ఇంట్లో వేసి చూపించండి.

మీకో ప్రశ్న : 7 సీట్ల ఈకోలో 10 మంది ఎక్కితే ఎన్ని టిక్కీలు అదనంగా వేసినట్టు? జవాబు నోటుబుక్కులో రాసి చూపించండి.