వసారాలో టూ-స్ట్రోక్ ఇంజను

సావనీరు సంపాదక వర్గం కుర్రాళ్ళు వచ్చి, "మాష్టారూ, ఏదైనా సైన్సు వ్యాసం ఇవ్వండి, కానీ పాఠంలా వుండకూడదండి" అని అడిగారు. ముప్ఫై యేళ్ళుగా ఫిజిక్సు చెప్పుకుని బ్రతుకుతున్నవాడికి పాఠంలా లేకుండా వ్రాయడం చేతకాదు. కనుక పాఠమే వ్రాస్తున్నాను. కాకపోతే బల్ల మీద వున్న పరికరం లాబొరేటరీది కాదు. మా నాన్నగారి బజాజ్ చేతక్ స్కూటరు ఇంజను. దాన్ని పెద్దాపురంలో మా ఇంటి వసారాలో రెండుసార్లు విప్పి బిగించాను. ఒక్కసారితో తీరవలసిన పని రెండుసార్లు ఎందుకయిందన్నదే యీ వ్యాసం.

ముందుగా బండి సంగతి. ఇటలీలో పియాజియో వారు 1946లో వెస్పా స్కూటరు తెచ్చారు. వారి లైసెన్సు మీద బజాజ్ వారు మన దేశంలో స్కూటర్లు తయారు చేశారు. 1971లో ఆ లైసెన్సు ముగిసింది. 1972లో రాణా ప్రతాప్ గుర్రం పేరుతో చేతక్ వచ్చింది. రెండో వంశం లాంబ్రెట్టాది. విజయ్ సూపర్, మన హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్ ఆ వంశంలోవి. అప్పట్లో డబ్బు కట్టి యేళ్ళ తరబడి ఎదురుచూస్తే గాని చేతక్ ఇంటికి వచ్చేది కాదు. నాన్నగారు పేరు నమోదు చేయించినప్పుడు నేను ఆరో తరగతి. బండి వచ్చిన 1985లో నేను ఇంటర్మీడియట్. మరిడమ్మ తల్లి గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి తెచ్చిన ఆ బండి ఇప్పటికీ మాతోనే వుంది.

ఇక ఇంజను. సిలిండరు వ్యాసం 57 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక కూడా 57 మిల్లీమీటర్లే. లెక్క కట్టండి, 145.45 ఘనపు సెంటీమీటర్లు వస్తుంది. ఆర్.సి. పుస్తకంలో వుండేది యీ అంకెకు దగ్గరి అంకే. ఫోర్-స్ట్రోక్ ఇంజనులో వున్న వాల్వులు, కామ్ షాఫ్టు, టైమింగ్ చైను దీనిలో లేవు. పిస్టనే తలుపు, పిస్టనే తలుపు తీసేవాడూను. పిస్టన్ పైకి పోతున్నప్పుడు దాని కింద వున్న క్రాంక్ కేసులో పీడనం తగ్గి, కార్బొరేటరు నుంచి గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి. పిస్టన్ కిందికి వస్తున్నప్పుడు అదే మిశ్రమం నొక్కుకుని, పక్క దారుల గుండా పైకి ఎక్కి, కాలిన పొగను సైలెన్సరు వైపు తోసేస్తుంది. ఇంగ్లండులో జోసెఫ్ డే అనే ఇంజనీరు 1891 నాటికి చేసి చూపిన ఏర్పాటు యిది. చేతక్‌లో ఒక విశేషం అదనం. మిశ్రమం వచ్చే దారిని తెరిచి మూసేది పిస్టన్ కాదు, క్రాంకు చక్రం అంచు. ఆ అంచుకూ కేసుకూ మధ్య సందు అతి స్వల్పం. యీ ఇంజనుకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు, అంటే 2 శాతం, సరిపోతుంది.

ఇక్కడ ఆగి ఒక మాట గట్టిగా చెప్పాలి. మనం ఇంజను అనగానే సిలిండరు, పిస్టన్ తలుచుకుంటాం. టూ-స్ట్రోక్‌లో కింద వున్న క్రాంక్ కేసు ఒక గాలి పంపు. నిమిషానికి 5 వేల చుట్ల దగ్గర సెకనుకు 83 సార్లు అది పీలుస్తుంది, 83 సార్లు ఊదుతుంది. పంపు కారితే పైన ఎంత ఖరీదైన పిస్టన్ వేసినా ఒకటే. యీ సంగతి నాకు పుస్తకం ద్వారా తెలుసు. తరగతిలో బొమ్మ వేసి చెప్పాను కూడా. అయినా చేతిలో పానా పట్టుకోగానే మరిచిపోయాను.

2025 వేసవిలో బండి లాగడం తగ్గింది. కిక్కు కొడితే కాలికి అడ్డు తగలడం లేదు. పిస్టన్ అరిగిందనుకున్నాను, అరిగిన మాట నిజమే. సిలిండరు పట్టుకెళ్ళి కాకినాడలో బోరు కొట్టించి, అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్, కొత్త రింగులు వేశాను. స్టార్టయింది. అయితే ఆక్సిలేటరు వదిలేసినా ఇంజను చప్పున తగ్గేది కాదు, కాసేపు గుయ్యిమని అరిచి అప్పుడు దిగేది. కొత్త పిస్టన్ గదా, హుషారుగా వుంది అనుకున్నాను! ఎంత అమాయకుణ్ణో చూడండి.

నలభయ్యో రోజున నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకుని రాజానగరం బయలుదేరాను. ఆయనకు అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. రంగంపేట దాటాక ఎండలో, ఎదురుగాలిలో, మూడో వంతు ఆక్సిలేటరు మీద పోతుండగా ఇంజను కీచుమంది. వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్చి పట్టడానికి నాకు పట్టిన అర సెకను చాలు, బండి అడ్డం తిరిగింది. వెనక వస్తున్న ఇసుక లారీ డ్రైవరు పుణ్యాత్ముడు, బ్రేకు వేశాడు. హెల్మెట్లు వున్నాయి కనుక తలలు దక్కాయి. నాన్నగారి మోకాలి చిప్ప చిట్లింది. ఆరు వారాలు మంచం మీద వున్నారు. తప్పు నాదే. బండి అమ్మేస్తానన్నాను. ఆయన గోడవైపు చూస్తూ, "అమ్మడం ఎందుకురా, సరిగ్గా చెయ్యి" అన్నారు. అంతకు మించి ఇవాళ్టి దాకా ఆ సంగతి ఎత్తలేదు.

మా వీధి చివర ఒక పాత మెకానిక్ వున్నాడు. పిస్టన్ తీసుకెళ్ళి చూపించాను. చేత్తో తిప్పి చూసి, "మేష్టారూ, పిస్టన్ పోయిందని పిస్టనేసేస్తే ఎలాగండీ? అదెందుకు పోయిందో చూడద్దాండీ? మాగ్నెట్ వేపు ఆయిల్ సీల్ మార్చారా?" అన్నాడు. మార్చలేదు. నలభై యేళ్ళ నాటి సీలు అది.

క్రాంకు షాఫ్టుకు రెండు వైపులా రబ్బరు పెదవి వున్న ఆయిల్ సీళ్ళు వుంటాయి. క్లచ్చి వైపు సీలు పోతే గేరు బాక్సులోని ఆయిలు క్రాంక్ కేసులోకి వచ్చి కాలుతుంది. సైలెన్సరు నుంచి తెల్లని పొగ, ప్లగ్గు నల్లగా తడి. అది కనబడే జబ్బు. మాగ్నెట్ వైపు సీలు పోతే వచ్చేది గాలి. అది కంటికి కనబడదు. గాలి దొంగదారిన వస్తే కార్బొరేటరు మీద పీల్పు తగ్గి పెట్రోలు తక్కువ వస్తుంది. టూ-స్ట్రోక్‌లో ఆయిలు పెట్రోలుతోనే వస్తుంది గనుక అదీ తగ్గుతుంది. పలచని మిశ్రమం ఎక్కువ వేడెక్కిస్తుంది. వేడి పెరిగి, నూనె తగ్గి, పిస్టన్ పట్టేస్తుంది. ఆక్సిలేటరు వదిలినా ఇంజను దిగకపోవడం ఆ దొంగగాలి చేసే చప్పుడే. నేను హుషారనుకున్నది అది.

పట్టేయడం వెనక లెక్క విద్యార్థులు చేసి చూడదగ్గది. పిస్టన్ అల్యూమినియం మిశ్రమ లోహం, సిలిండరు పోత ఇనుము. ఒక్క డిగ్రీకి అల్యూమినియం మిశ్రమం మిలియనుకు సుమారు 20 వంతులు, పోత ఇనుము సుమారు 11 వంతులు సాగుతాయి. రెండూ 100 డిగ్రీలు వేడెక్కితే 57 మిల్లీమీటర్ల పిస్టన్ 0.114, సిలిండరు 0.063 పెరుగుతాయి. అంటే మధ్య సందులోంచి 0.05 మిల్లీమీటరు పోయింది. నిజానికి పిస్టన్ సిలిండరు కంటే బాగా ఎక్కువ వేడిగా వుంటుంది, సిలిండరు చుట్టూ రెక్కలూ ఫ్యానుగాలీ వున్నాయి గదా. కాబట్టి పోయే సందు ఇంకా ఎక్కువ. అందుకని బోరు కొట్టించేటప్పుడు "టైటుగా వుంచండి" అనకూడదు. పిస్టన్ డబ్బాలోని కాగితం మీద ఎంత క్లియరెన్సు వుంటే అంతే. పిస్టన్‌ను లేత్ షాపుకు వెంట తీసుకెళ్ళి, దాన్ని కొలిచాకే బోరు మొదలెట్టమనాలి.

రెండోసారి విప్పినప్పుడు మా డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాళ్ళు ఇద్దరు తోడు వచ్చారు. ఈ ఇంజను దింపడం తేలికే. క్లచ్చి, గేరు, బ్రేకు కేబుళ్ళు, పెట్రోలు గొట్టం, వైర్లు వూడదీసి, షాక్ అబ్సార్బరు బోల్టూ, ముందున్న పొడుగాటి బోల్టూ లాగితే ఇంజను తన చక్రం మీదనే దొర్లుకుంటూ బయటికి వస్తుంది. మాగ్నెట్ మాత్రం పుల్లరు లేకుండా సుత్తితో కొట్టి తీయకండి, షాఫ్టు వంకర పోతుంది. కొత్త బేరింగులు ఎక్కించేటప్పుడు అల్యూమినియం కేసును వేడి చేసి, బేరింగును ఫ్రిజ్‌లో వుంచి వేస్తే చేతితోనే దిగుతుంది. ఇడ్లీ పిండి గిన్నె పక్కన బేరింగు పెట్టినందుకు మా ఇంట్లో పడిన చీవాట్లు వేరే వ్యాసం అవుతాయి.

అసలు పాఠం కేసు బిగించాక వుంది. లోపల కొత్త సీళ్ళు వేశాం సరే, కారడం లేదని ఎలా తెలుసు? పాత ప్లగ్గులోని పింగాణీ పగలగొట్టి తీసి, ఆ ఇనుప గుల్లకు రబ్బరు గొట్టం బిగించాం. బి.పి. చూసే మిషను పట్టీ తీసేసి, దాని బుడ్డి గొట్టాన్నీ కొలత గొట్టాన్నీ మూడు మూతుల కీలుతో దీనికి కలిపాం. పాదరసం రకం కంటే డయల్ రకం మంచిది, ఒలికే భయం లేదు. సైలెన్సరు దారికీ కార్బొరేటరు దారికీ రబ్బరు ముక్క పెట్టి రేకు బిగించాం. పిస్టన్‌ను అట్టడుగుకు దించితే పక్క దారులు తెరుచుకుని పైనా కిందా ఒకే గది అవుతుంది. అప్పుడు 300 మిల్లీమీటర్ల దాకా గాలి కొట్టి గడియారం చూడాలి. నిమిషానికి 50 కంటే ఎక్కువ పడిపోతే ఎక్కడో కారుతున్నట్టే.

మాది మొదటిసారి నిమిషానికి 120 పడింది! కొత్త సీళ్ళతో కూడా. సబ్బునీళ్ళు పూశాం. మాగ్నెట్, దాని ప్లేటు తీసే వుంచాం గనుక అటువైపు సీలు బాగా కనిపించింది, బుడగ లేదు. క్లచ్చి వైపు సీలు లోపల వుంటుంది, కనబడదు. దానికోసం గేరు ఆయిలు పోసే రంధ్రం మీద సబ్బు పొర పట్టించి చూడాలి, ఉబ్బితే అటు కారుతున్నట్టు. అదీ ఉబ్బలేదు. చివరికి సిలిండరు అడుగున ప్యాకింగు దగ్గర వరసగా బుడగలు లేచాయి. పాత ప్యాకింగు ముక్క ఒకటి గోరంత అక్కడే అంటుకుని వుంది. గీకి, కొత్తది వేశాక నిమిషానికి 15 పడింది. కుర్రాళ్ళలో ఒకడు ఎగిరి గంతేశాడు. వాడికి నా తరగతిలో అంత ఆనందం కలిగించిన గుర్తు నాకు లేదు.

ఇక "అప్‌గ్రేడ్" అని మీరందరూ అడిగేది. అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేస్తే ఇంజను 148 సి.సి. అవుతుంది, రెండున్నర సి.సి. లాభం. దాన్ని శక్తి అనుకోవద్దు. 63 మిల్లీమీటర్ల సిలిండరు కిట్టు వేస్తే 177 అవుతుంది, నిజమే. కానీ 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లో వున్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఎగ్జాస్టు దారి పైకి చెక్కితే ఎక్కువ చుట్ల దగ్గర బలం పెరుగుతుంది, తక్కువ చుట్ల దగ్గర లాగుడు పోతుంది. సామర్లకోట గేటు దగ్గర ఆగి కదిలే వాడికి కావలసింది రెండోది. నేను చేయించినవి మూడే. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, వైటాన్ రబ్బరు సీళ్ళు, జెట్ మార్పు.

జెట్ సంగతి ఇప్పటి పెట్రోలు వల్ల వచ్చింది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. కలిపి లెక్కిస్తే 13.5 వస్తుంది. అంటే పాత జెట్ మీద మిశ్రమం తనంతట తానే ఏడెనిమిది శాతం పలచబడుతుంది. నా మొదటి పిస్టన్ చావులో దీని వంతూ వుంది. రంధ్రం వైశాల్యం 7 శాతం పెరగాలంటే వ్యాసం 3.5 శాతం పెరిగితే చాలు. 100 నంబరు జెట్ అంటే 1 మిల్లీమీటరు రంధ్రం. దాని బదులు 103 లేక 104. దొరక్కపోతే 105. ఆపైన ప్లగ్గు రంగు చూసి తేల్చుకోవాలి. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. నీరు మితి మీరితే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగున విడిగా చేరుతుంది. నెలల తరబడి నిలబెట్టే బండి అయితే ట్యాంకు ఖాళీ చేసి వుంచండి.

ఈ ఇంజను లోపం దాచను. తోసే మిశ్రమంలో 20 నుంచి 30 శాతం దాకా కాలకుండానే సైలెన్సరు గుండా పోతుంది. పొగ మీద నిబంధనలు బిగిసేకొద్దీ టూ-స్ట్రోక్ స్కూటర్లు తయారీ నుంచి తప్పుకున్నది అందుకే. 2020లో చేతక్ పేరు మళ్ళీ వచ్చింది, బ్యాటరీ మీద. ఇంట్లో ఒక్కటి వుంచుకోవడం వేరు, ఊరంతా తిరగడం వేరు.

రెండోసారి బిగించాక మొదటి 500 కిలోమీటర్లు ఒక్కణ్ణే నడిపాను, రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్చి మీదే. ఆక్సిలేటరు వదిలితే ఇంజను ఇప్పుడు చప్పున దిగుతుంది. ప్లగ్గు లేత ఇటిక రంగులో వుంది. మొన్న దీపావళి నాడు నాన్నగారు కర్ర పట్టుకుని వసారాలోకి వచ్చి, స్టార్టు చేయమని, చెవి దగ్గర పెట్టి కాసేపు విన్నారు. "పాండవుల మెట్ట దాకా పోయొద్దాం, మెల్లిగా" అన్నారు. వెళ్ళి వచ్చాం. ఆ ప్లగ్గు గుల్ల, రబ్బరు గొట్టం, డయల్ మా ఫిజిక్సు లాబ్‌లో తలుపు పక్క బీరువా కింది అరలో వున్నాయి. కావలసిన వారు రిజిస్టరులో సంతకం పెట్టి పట్టుకెళ్ళవచ్చు.