యానిమల్ ఫామ్: స్క్వీలర్‌ను వదలొద్దు

జార్జ్ ఆర్వెల్ (అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్, జననం 1903, బిహార్‌లోని మోతీహారి) రాసిన ‘యానిమల్ ఫామ్’ 1945 ఆగస్టు 17న లండన్‌లో వెలువడింది. రష్యా విప్లవం దారితప్పిన తీరుపై వ్యంగ్య నవల. నెపోలియన్ అనే పంది స్టాలిన్‌కు, స్నోబాల్ ట్రాట్‌స్కీకి ప్రతీకలు. ఇంతవరకు అందరూ చదువుతారు. ప్రచారం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మాత్రం స్క్వీలర్ అనే పంది పాత్రను పట్టుకోవాలి. పాలు, ఆపిల్ పళ్లు పందులే తినేస్తే, అదంతా మీ మేలుకేనని మిగతా జంతువులను నమ్మిస్తాడు. కాదంటే పాత యజమాని జోన్స్ తిరిగొస్తాడని భయపెడతాడు. మంచంపై పడుకోరాదన్న నియమానికి గుట్టుచప్పుడు కాకుండా ‘దుప్పట్లతో’ అన్న మాట చేరుతుంది. చదవలేని జంతువులు తమ జ్ఞాపకాన్నే అనుమానించుకుంటాయి. ఎంత బాధాకరమైన ఘట్టమో!

రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్ బ్రిటన్‌కు మిత్రదేశం. అందుకే ఈ నవలను వేయడానికి ప్రచురణకర్తలు జంకారు. ఫేబర్ సంస్థ తరఫున తిరస్కరించింది కవి టి.ఎస్.ఎలియట్. చివరికి సెకర్ అండ్ వార్‌బర్గ్ అచ్చువేసింది. పాత్రల పట్టికతో సరిపెట్టుకోకండి; పది అధ్యాయాలే, నవల చదవండి.