బెత్తెడు అల్లికతో మొదలు

మా కుట్టు కేంద్రంలో అల్లిక తరగతి పెట్టిన మొదటి ఏడాది మేము ఒక పొరపాటు చేశాం. దాతలు ఇచ్చిన ఊలు పిల్లల చేతికిచ్చి ఏకంగా స్వెటరే మొదలు పెట్టించాం. వార్షికోత్సవం నాటికి బల్ల మీద స్వెటర్లు వరసగా పరచి చూపించాలని మా ఆరాటం. వీపు భాగం సగమయ్యేసరికి కుట్లు జారాయి. ఎక్కడ జారాయో తెలియక కొందరు పిల్లలు రావడమే మానేశారు. సగం సగం స్వెటర్లు ట్రంకు పెట్టెలో మిగిలాయి. బి.ఇడి.లో ‘సరళం నుంచి సంక్లిష్టానికి’ అని వల్లించి, పాతికేళ్లు బడిలో పాఠాలు చెప్పినవాళ్లమే మేము! సూది చేతికి వచ్చేసరికి ఆ సూత్రం మరిచాం.

మరుసటి ఏడు బెత్తెడు చదరంతో మొదలు పెట్టాం. సూది మీద 20 కుట్లు ఎక్కించి, ప్రతి వరసా సీధాగానే 40 వరసలు అల్లితే దాదాపు నలుచదరం వస్తుంది. (మా పిల్లల ఇళ్లలో ఉర్దూ. సీధా, ఉల్టా అంటే వేరే వివరించనక్కర్లేదు.) ఇందులో నేర్చేది ఒక్కటే, దారం బిగువు సమంగా ఉంచడం. తప్పు వస్తే విప్పడానికి ఐదు నిమిషాలు. స్వెటర్ విప్పమంటే ఏడ్చిన పిల్లే చదరాన్ని నవ్వుతూ మూడుసార్లు విప్పింది.

రెండో చదరంలో ఒక వరస సీధా, ఒక వరస ఉల్టా. ఒకవైపు నున్నగా వస్తుంది గాని అంచులు చుట్టుకుపోతాయి. ఎందుకలా అని పిల్లలే అడుగుతారు. అప్పుడు రెండు సీధా, రెండు ఉల్టా వేసే పట్టీ చూపిస్తాం. అది సాగుతుంది, చుట్టుకోదు. స్వెటర్‌కు మణికట్టు దగ్గర ఆ పట్టీ ఎందుకుంటుందో వేరే చెప్పే పని లేదు.

ఆ తర్వాత పసిపిల్లల టోపీ. అసలు చదువు ఇక్కడుంది. తన రెండో చదరం మీద స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లకు 20 కుట్లని లెక్కించిన అమ్మాయి, 32 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 64 కుట్లు కావాలని తానే చెప్పింది. అనుపాతం లెక్కలంటే బడిలో తల వంచుకు కూర్చునే పిల్ల! పైభాగం ముడవడానికి ఆ 64ను 8 భాగాలు చేసి, ఒక్కో భాగంలో చివరి రెండు కుట్లు కలిపి అల్లాలి. వరస విడిచి వరస ఇలా 7 సార్లు తగ్గిస్తే 8 కుట్లు మిగులుతాయి. దారం వాటిలోంచి దూర్చి లాగి, పక్క అంచులు కలిపి కుడితే టోపీ అయిపోయినట్టే.

“ఈ ఏడు ఎన్ని స్వెటర్లయ్యాయి?” అని దాతలు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే, ఇచ్చిన ఊలుకు లెక్క చెప్పాలి కదా. స్వెటర్లు తక్కువే. ఒక్కో అమ్మాయి అల్లిన మొదటి చదరం, చివరి చదరం పక్కపక్కన పెట్టి చూడమని మా మనవి. ఆ చదరాలూ వృథా కావు, కలిపి కుడితే పసివాళ్ల దుప్పటి అవుతుంది. ఈసారి ఊలు ఇచ్చేవారు లేత రంగులవి ఇస్తే మేలు. నల్ల ఊలులో కొత్తవాళ్లకు కుట్లు కనపడవు.

ట్రంకులోని సగం స్వెటర్లను పిల్లలే విప్పేశారు. విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంటుంది. చిలపలుగా చుట్టి, గోరువెచ్చని నీళ్లలో తడిపి, నీడన ఆరవేస్తే సాపవుతుంది. ఇప్పుడు మా కేంద్రం కిటికీ ఊచలకు ఆ చిలపలే వేలాడుతున్నాయి, టోపీల కోసం.