తోట కాపలాకి ముధోల్ కుక్క: పురుగులకి ముప్పు రాకుండా ఎలా?



"అన్నా, తోట కాపలాకి ముధోల్ కుక్కని తెద్దామనుకుంటున్నా. పురుగులకేమైనా ఇబ్బందా?" అని దేవనహళ్లి వైపు రైతు ఒకరు మన గ్రూపులో అడిగారు. కుక్కని షెడ్ బయట ఉంచితే ఇబ్బంది లేదు. అసలు ముప్పు దాని ఒంటికి పూసే పిడుదుల మందుతోనే.

*ఏం జాతి ఇది?*
బాగల్‌కోట జిల్లా ముధోల్ దీని సొంతూరు. అక్కడి ఘోర్పడే రాజులు ఈ జాతిని పోషించారు. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు వేసింది. మన సైన్యం కూడా దీనికి శిక్షణ ఇచ్చింది. పిల్ల కావాలంటే ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం వారి కేంద్రంలో విచారించండి.

*గుణం*
సన్నని ఒళ్లు, లోతైన ఛాతి, పొడుగు కాళ్లు. వాసన కంటే చూపుతోనే వేటాడుతుంది. కదిలేది కనబడితే వెంటబడుతుంది, కాబట్టి కోళ్లు, మేకలు ఉన్నవాళ్లు చిన్నప్పటి నుంచే అలవాటు చేయాలి. కొత్తవాళ్లని దగ్గరికి రానివ్వదు. కొడితే మొండికేస్తుంది, మంచి మాటకి లొంగుతుంది.

*పోషణ*
రోజంతా గొలుసుతో కట్టేస్తే పాడవుతుంది. పొద్దున, సాయంత్రం కంచె ఉన్న చోట పరుగెత్తనివ్వండి. కడుపు నిండా తిన్న వెంటనే మాత్రం వద్దు, పొట్ట ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది. సంగటి ఒక్కటే చాలదు. గుడ్డు, మాంసం కూడా పెట్టండి. ఒంటి మీద కొవ్వు, బొచ్చు తక్కువ కాబట్టి చలికాలం రాత్రి గోనెపట్టా పరవండి. రేబిస్ టీకా తప్పనిసరి.

*అసలు జాగ్రత్త*
పిడుదులకి వాడే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందులు పట్టుపురుగుకి విషం. కుక్కని నిమిరిన చేత్తో ఆకు వేస్తే చాలు: పురుగు తల ఊపుతుంది, పసరు కక్కుతుంది, ముడుచుకుని చస్తుంది. నెల కష్టం ఒక్క పూటలో పోతుంది. అందుకే:

1. పురుగులు షెడ్‌లో ఉండగా కుక్కకి స్ప్రే, పౌడర్, మెడ మీద వేసే చుక్కలు, మందు పట్టీ ఏదీ వద్దు. ఆ రోజుల్లో పిడుదుల్ని చేత్తో ఏరండి.
2. గూళ్లు మార్కెట్‌కి పోయాక, తర్వాతి పంటకి ముందు ఖాళీలో మందు వేయించండి. నోటి ద్వారా ఇచ్చే మాత్ర గురించి పశువుల డాక్టర్ని అడగండి.
3. మందు పూసినవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకోకుండా ఆకు కోయకూడదు, షెడ్‌లోకి రాకూడదు.
4. ఆకు నిల్వ గదిలోకి, షెడ్‌లోకి, మల్బరీ వరుసల్లోకి కుక్కని రానివ్వద్దు. దాని పెంటని తోట ఎరువులో కలపొద్దు.
5. బ్లీచింగ్‌తో షెడ్ శుద్ధి చేసే రోజు, నేల ఆరేదాకా కుక్కని దూరంగా కట్టండి.

కుక్కని ఇంటికి తెచ్చే ముందే ఈ ఐదూ ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా పిల్లలకి. దాన్ని ఎక్కువగా ముట్టుకునేది వాళ్లే కదా!