చెట్టు నీళ్ళు తెస్తుందా, తాగుతుందా?

చెట్లు నాటితే నీళ్ళు పెరుగుతాయని స్కూల్లో డ్రాయింగ్ పోటీల దగ్గర్నుంచీ వింటున్నాం. నేనూ అలాగే నమ్మాను. కానీ వాన తక్కువ పడే మెట్ట నేలల్లో ఇది సగమే నిజం.

ముందు సింపుల్‌గా లెక్క వేద్దాం. పడిన వానలో కొంత వాగుల్లోకి పారుతుంది, కొంత భూమిలోకి ఇంకుతుంది, మిగతాది ఆవిరైపోతుంది. చెట్టు వేళ్ళతో తాగిన నీటిలో చాలా భాగాన్ని ఆకుల నుంచి ఆవిరిగా గాలిలోకి వదిలేస్తుంది. దీన్నే బాష్పోత్సేకం అంటారు. అంటే చెట్టుకి కూడా నీటి ఖర్చు ఉంటుంది. వాన బాగా పడే చోట ఆ ఖర్చు తెలియదు, కరువు నేలలో తెలుస్తుంది.

దీనికి పెద్ద ఉదాహరణ చైనాలోని లోయెస్ పీఠభూమి. సుమారు 6.4 లక్షల చదరపు కిలోమీటర్ల మెత్తటి పసుపు మట్టి నేల. వానకి ఆ మట్టి కోసుకుపోయి ఎల్లో రివర్‌లో కలిసేది. 1999లో అక్కడి ప్రభుత్వం రైతులకి ధాన్యం, డబ్బు ఇచ్చి, ఏటవాలు పొలాల్లో సాగు మాన్పించి చెట్లు, గడ్డి పెంచడం మొదలుపెట్టింది. 1999లో దాదాపు 32 శాతం ఉన్న పచ్చదనం 2013కి 60 శాతం దగ్గరికి వచ్చింది. నదిలోకి చేరే మట్టి బాగా తగ్గింది. ఇది నిజంగా పెద్ద విజయమే.

కానీ చాలాచోట్ల బ్లాక్ లోకస్ట్ లాంటి బయటి దేశపు చెట్లు దట్టంగా వేశారు. అవి లోతుగా వేళ్ళు దించి, ఏటా పడే వాన పూడ్చలేనంత నీరు లాగేశాయి. నేల లోపల ఒక ఎండిన పొర తయారైంది. ఇంకా పచ్చదనం పెంచుతూ పోతే మనుషుల అవసరాలకి నీళ్ళు చాలవని, ఆ హద్దు దగ్గర పడిందని 2016లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చిన పరిశోధన హెచ్చరించింది.

అలాగని చెట్లే వద్దా? అదీ తప్పే. అదే ఏడాది ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో చేసిన ఇంకో పరిశోధన వచ్చింది. చెట్లే లేని నేల గట్టిపడి, వాన ఇంకకుండా పారిపోతుంది. వేళ్ళు, మట్టిలోని పురుగులు చేసే సందుల వల్ల నీరు లోపలికి దిగుతుంది. మరీ దట్టమైతే ఆ నీటిని చెట్లే తాగేస్తాయి. మధ్యస్థంగా, ఎడం ఎడంగా చెట్లు ఉన్నప్పుడే భూగర్భజలానికి ఎక్కువ చేరుతుందని అందులో తేలింది.

మన అనంతపురంలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. అక్కడైనా ఇంకెక్కడైనా మొక్కలు నాటే కార్యక్రమం అవగానే ఎన్ని నాటామో ఫొటోతో సహా పోస్ట్ చేస్తాం. ఈసారి గుంత తవ్వే ముందే మూడు ప్రశ్నలు అడుగుదాం: ఏ రకం మొక్క? ఎంత దూరంలో? ఇక్కడి వాన దానికి, కింద ఊరి బోరుకి రెండింటికీ సరిపోతుందా?