మంచు స్తూపం

పిల్లలూ, మనం నీళ్ళను ఎక్కడ దాచుకుంటాం? బిందెలో, ట్యాంకులో, చెరువులో. లడఖ్‌లో కొందరు మంచు కుప్పలో దాచుకుంటారు!

లడఖ్ భారతదేశానికి ఉత్తరాన, హిమాలయాల్లో ఉంది. అక్కడి లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. వాన, మంచు కలిపినా ఏడాదికి 10 సెంటీమీటర్లే! పంటలకు కొండల మీద కరిగే మంచు నీళ్ళే ఆధారం. ఏప్రిల్, మే నెలల్లో విత్తనాలు వేయాలి. కానీ పైనున్న మంచు జూన్‌లో గాని బాగా కరగదు. ఆలస్యమైతే, మళ్ళీ చలి వచ్చేలోగా పంట చేతికి రాదు. మరెలా?

2013-14 చలికాలంలో సోనమ్ వాంగ్‌చుక్ అనే ఇంజనీరు, విద్యార్థులతో కలిసి ఒక ఉపాయం చేసి చూశారు. నీరు పల్లమెరుగు అంటారు కదా! ఎగువ వాగు నీటిని గొట్టంలో కిందికి తెచ్చారు. ఆ ఒత్తిడికి గొట్టం చివర నీరు పైకి చిమ్మింది. మోటారు అక్కర్లేదు! తుంపరలు చలికి గడ్డకట్టి, బౌద్ధ స్తూపంలా పేరుకున్నాయి. కుప్పగా ఉన్న మంచుకు ఎండ తక్కువ తగులుతుంది. అందుకే మెల్లగా కరుగుతుంది. విత్తనాల వేళకు నీళ్ళిస్తుంది.

కొత్త మాటలు
ఎగువ: పై వైపు
పల్లం: కింద ఉన్న చోటు
తుంపరలు: చిన్న నీటి చుక్కలు

ప్రశ్నలు
1. లడఖ్ రైతులకు జూన్ దాకా ఆగితే ఏం నష్టం?
2. గొట్టంలో నీరు పైకి ఎందుకు చిమ్మింది?

చేసి చూడండి
ఒక పళ్ళెంలో ఐసు ముక్కలు కుప్పగా పోయండి. ఇంకో పళ్ళెంలో అన్నే ముక్కలు పరచండి. ఏది ముందు కరిగింది? ఎందుకో అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్‌లో తెలుగులో చెప్పండి.