కల్లం కాడ ఛార్జింగ్: చేయవలసినవి, చేయకూడనివి

కల్లూరు, పెనుబల్లి, ఏన్కూరు వైపు మిర్చి కోతలు మొదలయ్యాయంటే రైతు పడక కల్లానికి మారుతుంది. ఎండబోసిన కాయకు కాపలా ఉండాలి, మబ్బు పడితే అర్ధరాత్రయినా లేచి పరదాలు కప్పాలి. ఆ తర్వాత యాసంగి వడ్లు, కొనుగోలు కేంద్రం దగ్గర కాంటా కోసం పడిగాపులు. ఎండాకాలంలో అడవి అంచు ఊళ్లవాళ్లు తునికాకుకని తెల్లవారకముందే బయలుదేరతారు. అందరి చేతుల్లోనూ సెల్‌ఫోను, బ్యాటరీ లైటు ఉంటాయి. ఛార్జింగ్ పెట్టుకోవడానికి గోడ మాత్రం ఉండదు. ఛార్జింగ్ అయిపోతే జరిగే నష్టం కొంచెమే. దాని కోసం తొక్కే అడ్డదారుల్లో ప్రాణాలే పోతాయి. కాబట్టి చేయకూడనిది ముందు.

మోటారు స్టార్టర్ జోలికి పోవద్దు

చేలో కరెంటు ఉండేది ఒక్కచోటే, మోటారు స్టార్టర్ డబ్బాలో. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆ డబ్బా మీద చెయ్యి పడటం ఇంకా తేలికైంది. రెండు వైర్లు లాగి, ఓ సాకెట్టు వేలాడదీసి, అందులో ఛార్జర్ గుచ్చడం చాలామందికి అలవాటు. స్టార్టర్‌లోకి వచ్చేవి మూడు ఫేజులు. వాటిలో ఏ రెండింటి మధ్య చూసినా సుమారు 415 వోల్టులుంటాయి. ఫోను ఛార్జర్ మీద సన్నటి అక్షరాల్లో రాసి ఉండేదేమో 100 నుంచి 240 వరకే. అంతకు మించి ఇస్తే ఛార్జర్ లోపల టపీమని పేలొచ్చు. పేలి ఊరుకుంటే మేలే. ఇటు కరెంటును అటు పోనీయకుండా ఆపే ఏర్పాటు దెబ్బతింటే మాత్రం చేతిలో ఉన్న ఫోనుకే కరెంటు వస్తుంది.

ఇంకో పద్ధతి ఉంది, ఇది మరీ చెడ్డది. ఒక ఫేజు తీసుకుని, న్యూట్రల్ లేదు గనక నేలలో ఇనుప చువ్వ దిగ్గొట్టి రెండో వైరు దానికి చుడతారు. నేల ఎండితే కరెంటు సరిగా అందదు, అప్పుడు చువ్వ మొదట్లో చెంబెడు నీళ్లు పోస్తారు. ఆ నీళ్లు పోసే మనిషి నిలబడేది తడి నేలమీద, ఒట్టి కాళ్లతో. నేల పట్టు ఇవ్వనప్పుడు ఆ చువ్వకే వోల్టేజీ ఎక్కుతుంది. చుట్టిన వైరు ఊడితే సరిచేద్దామని పట్టుకున్న చేతికీ అంతే. పిల్లలూ గొడ్లూ తిరిగే చోట అలాంటి చువ్వ ఉండకూడదు. పక్కవాళ్ల చేలో ఉన్నా సరే, మొహమాటపడకుండా చెప్పి తీయించండి.

లైనుకు కొండీ వేయడం, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గర వైరు కలపడం గురించి చెప్పాల్సిన పనే లేదు. సోలార్ కంచె వేసుకున్నవాళ్లు దాని బ్యాటరీ నుంచి ఫోనుకు వైరు లాగొద్దు. ఆ పెట్టెలోంచి కంచెకు వెళ్లేది వేల వోల్టుల తాకిడి. మూత తీసి ఏది ఏ వైరో వెతుక్కునే చోటు కాదది.

పవర్ బ్యాంక్ తీసుకెళ్లండి, లెక్క తెలిసి కొనండి

ఇంటి దగ్గర నింపుకుని తెచ్చుకున్న పవర్ బ్యాంకే కల్లానికి సరైన దారి. డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని పెద్దగా రాస్తే అదంతా ఫోనుకు చేరుతుందనుకోవద్దు. ఆ అంకె లోపలి సెల్లుది, 3.7 వోల్టుల దగ్గర. అంటే 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచి ఇచ్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది. చివరికి 5,000 ఎంఏహెచ్ ఫోను ఒకటిన్నర సారి నిండితే మంచి సరుకు కిందే లెక్క. నికరంగా వచ్చేదెంతో డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని ఉంటుంది, అది చదవండి. బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నవే కొనండి. ఆ నంబరు నిజమో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. జాతరలో గుట్టగా పోసి అమ్మేవాటిలో 20,000 అని రాసి అరచేతికంటే చిన్నగా, తేలిగ్గా ఉన్నది కనిపిస్తే పక్కన పెట్టేయండి. సెల్లుకు బరువుంటుంది. బరువు లేకుండా ఛార్జింగ్ ఎక్కణ్నుంచి వస్తుంది?

మందు కొట్టే పంపు బ్యాటరీ

ఇది మనవాళ్ల తెలివే, కాదనను. వీపున వేసుకునే బ్యాటరీ పంపులో సాధారణంగా 12 వోల్టుల, 8 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. లెక్కకు 96 వాట్ అవర్లు. అది లెడ్ బ్యాటరీ అయితే సగానికి మించి తోడకూడదు, తోడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఆ సగంలోనే ఫోను రెండుసార్లు నిండుతుంది. కానీ వైర్లు నేరుగా కలపొద్దు. కార్లో పెట్టుకునే ఛార్జర్ దొరుకుతుంది, 12-24 వోల్టులు తీసుకుని 5 వోల్టులు ఇచ్చేది. మధ్యలో అది ఉండాలి, దానికి ముందు ఒక ఫ్యూజు ఉండాలి. ఎర్ర వైరు ఎటో, నల్ల వైరు ఎటో రెండుసార్లు చూసుకోవాలి. ఇంకోటి: పంపు మీద పురుగుమందు తడి ఉంటుంది. ఆ చేత్తోనే ఫోను, ఆ ఫోనే చెవికి, ఆ వేళ్లతోనే బీడీయో అన్నం ముద్దో. ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

ట్రాక్టర్ బ్యాటరీ నుంచి పెట్టుకున్నా ఆ ఛార్జరే వాడాలి. ట్రాక్టర్ ఛార్జింగ్ ఎక్కించేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ గాలి వస్తుంది. దాని మీదికి వంగి అగ్గిపుల్ల గీయొద్దు, స్పానర్ రెండు కొనలకూ తగలనీయొద్దు.

సోలార్ పలక

పలక ఎండలో, ఫోను నీడలో. ఇదొక్కటి గుర్తుంటే సగం పని అయినట్టే. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ చేయకూడదు. మన ఎండాకాలంలో నీడే ఒక్కోరోజు అంత ఉంటుంది, ఇక పలక పక్కన ఎండబెట్టిన ఫోను గతి చెప్పేదేముంది! మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఆపేసి, పొద్దున్నే మొదలుపెట్టడం నయం. నేరుగా ఫోనుకు కాకుండా పలకతో పవర్ బ్యాంకును నింపి, రాత్రి చల్లబడ్డాక దాంతో ఫోను నింపుకోండి. పలకను దక్షిణం వైపు కొద్దిగా వాల్చాలి. కల్లూరు అక్షాంశం 17 డిగ్రీలు, ఏటవాలు కూడా ఇంచుమించు అంతే చాలు. ఓ మూల మీద మామిడి కొమ్మ నీడ పడినా వచ్చేది బాగా పడిపోతుంది. యూఎస్‌బీ లేని ఉత్త పలక కొని తీగలు కోసి ఫోనుకు కలపొద్దు. 12 వోల్టుల పలక అని అమ్మేది ఎండలో ఖాళీగా ఉంటే 20 వోల్టులు దాటిస్తుంది.

ఉన్నదాన్ని పొదుపుగా

సిగ్నల్ సరిగా లేని చోట ఫోను టవర్ కోసం ఆగకుండా వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. అడవి లోపలికి వెళ్లేటప్పుడు ఫ్లైట్ మోడ్ పెట్టి, గుట్ట మీదికో రోడ్డు మీదికో వచ్చాక తీయండి. ఫోను లైటును దారి చూపడానికి వాడొద్దు. దారికి వేరే బ్యాటరీ లైటు ఉండాలి. రక్తపింజరి, కట్లపాము తిరిగే గట్లవి. అడవి పందుల కోసం దొంగచాటుగా కరెంటు తీగలు పరిచే చేలూ ఉన్నాయి, సన్నటి తీగ మసక వెలుగులో కనబడదు. ఆ తీగలు పెట్టడం నేరం, వాటి పక్కన నడవడం ప్రమాదం. కీప్యాడ్ ఫోను ఒకటి అదనంగా ఉంటే అంతకంటే చౌకైన భరోసా లేదు. ఇంటివాళ్ల నంబర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. 108, 112 ఎలాగూ నోటికి వస్తాయి.

ఉరుములు వినబడితే ఇంట్లో గోడకు పెట్టిన ఛార్జర్ తీసేయాలి, వైరు తగిలించి ఉన్న ఫోను మాట్లాడొద్దు. ఆరుబయట చేతిలో ఉన్న ఫోను పిడుగును పిలవదు. పిలిచేది ఒంటరి చెట్టు, దాని కింద నిలబడ్డ మనం. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తెచ్చిన దామిని యాప్ పిడుగు సూచన ముందే ఇస్తుంది, కానీ ఫోను బతికి ఉంటేనే.

వానాకాలం సంగతి వేరు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. అలాంటి వరదలో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. మొదటి హెచ్చరిక వినబడ్డ రోజే పవర్ బ్యాంకులు, లైట్లు నింపి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెట్టుకోవాలి. తడిసిన ఫోనుకు వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు. ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉంచి గాలికి ఆరనివ్వాలి, పిన్నీసు పెట్టి కెలకొద్దు, బియ్యంలో పూడ్చొద్దు.

ఉబ్బితే, పొగ వస్తే

పవర్ బ్యాంక్ పొట్ట ఉబ్బినా, ముట్టుకుంటే కాలినా, తియ్యటి మందు వాసన వచ్చినా దాని పని అయిపోయింది. పరుపు కింద, వరిగడ్డి మీద, ఎండుమిర్చి రాశి పక్కన ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు. ఎండాకాలం అడవిలో ఎండుటాకుల మీద అసలే వద్దు. పొగ మొదలైతే చేత్తో పట్టుకోకుండా కర్రతో బయలు నేల మీదికి నెట్టి, గాలి వచ్చే వైపు ఉండి, దూరం నుంచి నీళ్లు ధారగా పోస్తూ ఉండాలి. మంట ఆరినా లోపలి సెల్లు మళ్లీ అంటుకోవచ్చు, కాసేపు వదిలి వెళ్లొద్దు. ఆ పొగ పీల్చొద్దు. పాడైన బ్యాటరీని పొయ్యిలో, కాల్వలో పారేయకుండా కల్లూరు వెళ్లినప్పుడు సెల్‌ఫోన్ రిపేరు షాపులో అడిగి ఇవ్వండి; తీసుకెళ్లేటప్పుడు కొనలకు టేపు అంటించండి.